మిద్దె మీది వాన... వంటింటి కడవలోకి!

కుక్కర్ ఆరు విజిల్స్ వేసినా కందిపప్పు బద్దలు బద్దలుగానే ఉంటుంది. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. గీజర్ రాడ్డుకు ఏడాది తిరగకుండానే తెల్లటి పెంకు కడుతుంది. కర్నూలు, కడప శివారు కాలనీల్లో బోరు మీద బతికే ఇళ్లలో ఇవి రోజువారీ కష్టాలే. పప్పు ఉడకకపోవటానికి తప్పు పప్పుది కాదు, నీళ్లది. నీటిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉంటే అవి గింజలోని పెక్టిన్ అనే జిగురు పదార్థాన్ని పట్టేసి గట్టిపరుస్తాయి. వాన నీటిలో ఈ లవణాలు దాదాపు ఉండవు. పాతకాలపు ఆడవాళ్లకు ఈ శాస్త్రం తెలియకపోయినా సంగతి తెలుసు. వాన పట్టగానే వాకిట్లో నాలుగు గుంజలకు చీర కట్టి, నడుమ చిన్న రాయి వేసి, కింద బిందె పెట్టేవాళ్లు. ఆ నీళ్లు పప్పుకూ, తలంటుకూ దాచుకునేవాళ్లు.

ఇప్పుడు చీర కట్టాల్సిన పని లేదు. ఇంటి మీద వెయ్యి చదరపు అడుగుల స్లాబు ఉంది. దాని మీద పడ్డ నీరంతా గొట్టంలోంచి వీధి కాలువలోకి పోతోంది. మర్నాడు ఉదయం అదే ఇంటి ముందు 20 లీటర్ల క్యాను దిగుతోంది.

నేలలోని సున్నమే నీటిలోనూ..

మన ఇళ్లలో పరచుకునే కడప బండ, బేతంచెర్ల నాపరాయి.. ఇవన్నీ సున్నపురాయి పొరలే. బెలుం గుహలు ఏర్పడిందీ నీరు ఇలాంటి సున్నపురాయిని లక్షల ఏళ్లు కరిగిస్తూ పోవటం వల్లే. ఆ పొరల్లో నిలిచిన నీటిని మోటారు పెట్టి పైకి తోడితే సున్నం కూడా దాంతోపాటే వస్తుంది. భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) లెక్క ప్రకారం తాగే నీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది. వేరే దారి లేనప్పుడు 600 వరకూ సరిపెట్టుకోవచ్చు.

అయితే కఠిన జలంతో పెద్ద ప్రమాదమేమీ లేదు. అది విసిగిస్తుందే గానీ జబ్బు చేయటం తక్కువ. అసలు భయపడాల్సింది ఫ్లోరైడ్‌కు. దీనికి రుచి ఉండదు, రంగు ఉండదు, వాసన ఉండదు. గ్లాసులో చూస్తే తళతళా మెరిసే నీరే. మనదేశంలో ఫ్లోరోసిస్‌ను మొట్టమొదట గుర్తించింది 1937లో, మనకు పక్కనే ఉన్న ప్రకాశం ప్రాంతంలోనే. కర్నూలు, కడప జిల్లాల్లోనూ కొన్నిచోట్ల భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ హద్దు మీరి ఉంది. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండాలి. ఎంత తప్పనిసరైనా 1.5 మించకూడదు.

ఎనిమిదేళ్లలోపు పిల్లలు ఈ నీటినే తాగుతుంటే చిగురు లోపల తయారవుతున్న శాశ్వత దంతాల మీద ఆ ప్రభావం పడుతుంది. ఆ దంతాలు బయటికి వచ్చేసరికి పంటి మీద సుద్దముక్క గీసినట్టు తెల్లటి చారలు కనిపిస్తాయి. తీవ్రమైతే గోధుమ రంగు మచ్చలు, గుంతలు పడతాయి. ఒకసారి వస్తే ఇవి తోమితే పోవు. ఇక ఏళ్ల తరబడి ఎక్కువ మోతాదులో తాగితే ఎముకలు, కీళ్ల మీద భారం పడుతుంది. మెడ, నడుము బిగుసుకుపోవటం, మోకాళ్ల నొప్పులు.. వీటిని చాలామంది 'వయసు మీద పడింది' అనుకుని నొప్పి మాత్రలతో నెట్టుకొస్తారు. ఇక్కడ మరో ముఖ్య విషయం. నీటిని కాచితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీటిలో దాని సాంద్రత ఇంకాస్త పెరుగుతుంది కూడా.

బోరు నీరు తాగే ఇల్లయితే ఒక్కసారైనా ఆ నీటిని పరీక్ష చేయించాలి. జిల్లాల్లోని గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలల్లో ఫ్లోరైడ్, నైట్రేట్, కాఠిన్యం వంటివి చూస్తారు. పక్కింటి బోరు ఫలితం మీ బోరుకు వర్తించదు. ఇరవై అడుగుల దూరంలోనే రాతి పొర మారిపోవచ్చు.

కిడ్నీ రాళ్ల మాటేమిటి?

'సున్నం నీళ్లు తాగితే కిడ్నీలో రాళ్లొస్తాయి' అనే నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. నీటి కాఠిన్యమే రాళ్లకు కారణమని చెప్పేంత గట్టి ఆధారాలైతే లేవు. నిజానికి రాళ్లకు తోడ్పడేది ఎండ, దానికి తోడు నీళ్లు తక్కువ తాగటం. ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్లలో 42 నుంచి 45 డిగ్రీల ఎండ కాస్తుంది. ఒంట్లో నీరు చెమటగా పోతే మూత్రం చిక్కబడుతుంది. చిక్కటి మూత్రంలో లవణాలు పలుకులు కడతాయి. రోజుకు రెండు నుంచి రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా నీళ్లు తాగితే రాళ్ల ముప్పు బాగా తగ్గుతుంది. గుండె, కిడ్నీ జబ్బులతో కాళ్ల వాపు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరు చెప్పిన కొలతే పాటించాలి.

నీళ్లు చప్పగానో ఉప్పగానో ఉన్నాయని, క్యాను ఇంకా రాలేదని తక్కువ తాగి సరిపెట్టుకోవటమే అసలు చిక్కు. ఎండలు పెరుగుతున్నకొద్దీ తాగేందుకు ఇంట్లో ఎప్పుడూ నీళ్లుండటం కూడా మందుతో సమానమే.

నాలుగు వేల లీటర్ల లెక్క

ఇక లెక్కలోకి వద్దాం. కర్నూలు ప్రాంతంలో ఏడాదికి సగటున 670 మిల్లీమీటర్ల వాన పడుతుంది. కడపలో 700. వెయ్యి చదరపు అడుగులంటే 93 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఆవిరి, తడి, తొలి వాన కింద 20 శాతం తీసేసినా వెయ్యి అడుగుల మిద్దె నుంచి ఏడాదికి దాదాపు 50 వేల లీటర్లు వస్తాయి. గంటసేపు కురిసిన 20 మిల్లీమీటర్ల వానకే 1,500 లీటర్లు. అంటే వంద బిందెలు!

ఇంత నీరు పట్టి దాచటం ఎవరివల్లా కాదు. అందుకే చాలామంది మొత్తం ఇంకుడు గుంతకు వదిలేస్తారు, లేదా అసలు ఆ ఊసే ఎత్తరు. ఆరోగ్యం దృష్టితో చూస్తే కావాల్సింది చాలా చిన్న వాటా. తాగటానికి, వంటకు కలిపి మనిషికి రోజుకు 5 లీటర్లు అనుకుందాం. నలుగురున్న ఇంటికి 20 లీటర్లు. మనకు డిసెంబరు మొదలు జూన్ మొదటి వారం దాకా వానలు నమ్ముకోలేని రోజులు దాదాపు 200. ఇరవైని రెండు వందలతో గుణిస్తే 4,000 లీటర్లు. రెండు వేల లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకులు రెండు చాలు. మూడు మంచి వానలకు అవి నిండిపోతాయి.

కాబట్టి మా సలహా క్రమం ఇదీ: ముందు వంటింటికి నాలుగు వేల లీటర్లు, ఆ తర్వాత నేలకు. ఇంకుడు గుంత ప్రచారంలో ఈ మొదటి సగం ఎప్పుడూ వెనకబడిపోయింది. 2000లో 'నీరు-మీరు' కార్యక్రమంతో ఊరూరా ఇంకుడు గుంతలు తవ్వారు. 2002 నాటి వాల్టా చట్టం కూడా వాన నీటి నిర్మాణాల గురించి చెప్పింది. పక్కనున్న తమిళనాడు 2003లో భవనాలన్నింటికీ దీన్ని తప్పనిసరి చేసింది. ఇవన్నీ భూగర్భ జలం పెరగటానికి. మంచిదే. కానీ నేలలోకి దింపిన నీటికి మళ్లీ అక్కడి లవణాలు కలుస్తాయి. పళ్ల మీద గార పడుతున్న పిల్లాడికి కావాల్సింది రాతి పొరను తాకని నీరు.

వానల తీరు కూడా మారుతోంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు. అందుకే పడితే కుండపోత, లేకుంటే వారాల తరబడి చినుకు లేదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరం మునిగినప్పుడు ఊరంతా నీళ్లే, తాగే నీటికి మాత్రం కటకట. 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడూ అంతే. కరవు సీమకు వరద కొత్త కాదు. ఆ రెంటి మధ్యా ఇంట్లో మూత వేసి ఉన్న ట్యాంకు ఒకటి ఉండాలన్నదే ఇక్కడి సంగతి.

మన పెద్దలకు నీటి నాణ్యత పట్టదనుకుంటే పొరపాటు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువు తవ్వించాడు. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెక్కించారు. నీటి శాస్త్రం తెలిసిన మనిషి ఉండాలన్నది ఒక అంగం. తియ్యటి నీరున్న ఏరు ఉండాలన్నది మరొకటి. చవిటి నేలను దోషాల్లో చేర్చారు.

వాన నీళ్లు తాగొచ్చా?

తాగొచ్చు. ఆకాశం నుంచి దిగేటప్పుడు వాన నీరు దాదాపు శుద్ధ జలమే. దాన్ని పాడుచేసేది మిద్దె. పావురాల రెట్టలు, పిల్లులు, కోతులు, ఎండు ఆకులు, దుమ్ము, మనం ఆరబోసిన మిరపకాయల తొడిమలు.. అన్నీ ఆ నీటిలో కలుస్తాయి. రెట్టల్లో సాల్మొనెల్లా, క్యాంపైలోబ్యాక్టర్ వంటి విరేచనాల క్రిములుంటాయి.

ఆస్ట్రేలియాలో లక్షలమంది ఇళ్ల మీది వాన నీరే తాగుతారు. అడిలైడ్ నగరంలో 300 ఇళ్లను తీసుకుని, కొందరికి నిజమైన ఫిల్టర్లు, మరికొందరికి చూడటానికి అలాగే ఉండే ఉత్తుత్తి ఫిల్టర్లు బిగించి ఏడాది గమనించారు. 2011లో ఫలితాలు ప్రచురించారు. వాంతులు, విరేచనాలు రెండు వర్గాల్లోనూ ఒకేలా ఉన్నాయి. అంటే ఫిల్టరు లేని వాన నీటితో అదనంగా జబ్బులేమీ రాలేదు. అయితే వాళ్లు ముందునుంచీ ఆ నీటికి అలవాటు పడ్డవాళ్లు. మన మిద్దెల మీది దుమ్ము, కోతుల బెడద అక్కడ లేవు. కాబట్టి మనం తాగే నీటిని కాచుకోవటమే మంచిది. నీరు తెర్లుతూ ఒక నిమిషం ఉంటే చాలు. పసిపిల్లలు, గర్భిణులు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లు, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లకు కాచని వాన నీరు అసలు ఇవ్వకూడదు.

'వాన నీటిలో ఖనిజాలుండవు కదా, ఎముకలు బలహీనపడవా?' అని చాలామంది అడుగుతారు. మన శరీరానికి కాల్షియం ప్రధానంగా అందేది పాలు, పెరుగు, రాగులు, ఆకుకూరల నుంచి. నీటి నుంచి వచ్చేది కొద్దిపాటే. రాగి సంకటి తినే సీమలో దీనికి బెంగ పడక్కర్లేదు. ఫ్లోరైడ్ మరీ లేకపోయినా పళ్లు పుచ్చే అవకాశం ఉంది గానీ, ఆ కొరతను ఫ్లోరైడ్ ఉన్న టూత్‌పేస్టు తీరుస్తుంది. మూడేళ్లలోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆరేళ్ల వరకూ బఠాణీ గింజంత పేస్టు చాలు. ఇంటి నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువని తేలితే మాత్రం దంత వైద్యులను అడిగి పేస్టు ఎంచుకోవాలి.

మిద్దె నుంచి ట్యాంకు దాకా

మొదటి పని చీపురుతో. మే చివర్లో మిద్దె, గొట్టాల మూతులు శుభ్రం చేయాలి. మిద్దె మీద సీసం కలిసిన పాత రంగులు, తారు పూతలు ఉంటే ఆ నీటిని తాగటానికి పట్టొద్దు. వాన నీరు కాస్త ఆమ్ల గుణం కలది, లోహాలను తేలిగ్గా కరిగించుకుంటుంది.

రెండోది, తొలి నీటిని వదిలేయటం. ఇదొక్కటి సరిగా చేస్తే సగం మురికి పోయినట్టే. వెయ్యి అడుగుల మిద్దెకు ప్రతి వానకూ మొదటి 100 నుంచి 200 లీటర్లు పక్కకు పోవాలి. దీనికి కిందికి దిగే గొట్టానికి ఒక 'టీ' జాయింటు పెట్టి 200 లీటర్ల డ్రమ్ముకు కలుపుతారు. డ్రమ్ము నిండాకే నీరు ట్యాంకు వైపు మళ్లుతుంది. ఆ డ్రమ్ము అడుగున చిన్న కొళాయి పెట్టి వాన వెలిశాక ఖాళీ చేయాలి. నాపరాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీల దగ్గరి ఊళ్లలో ఏడాది మొదటి రెండు వానలను పూర్తిగా వదిలేయటం మేలు. ఆ నీరు మొక్కలకు పనికొస్తుంది.

తర్వాత ఫిల్టరు. కింద కంకర, దాని మీద చిన్న గులకరాళ్లు, పైన కడిగిన ముతక ఇసుక, అన్నిటికీ పైన సన్నటి వల. ఏటా ఇసుక తీసి కడగాలి, లేకపోతే మార్చాలి. కడగని ఫిల్టరు కంటే ఫిల్టరు లేకపోవటమే నయం.

ట్యాంకులోకి వెలుతురు పడకూడదు. వెలుతురు తగిలితే పాచి పడుతుంది. నల్లటి ప్లాస్టిక్ ట్యాంకు గానీ సిమెంటు తొట్టి గానీ మంచిది. కొత్త సిమెంటు తొట్టి అయితే రెండు మూడుసార్లు నింపి వదిలేశాకే వాడాలి. నీళ్లు ముంచుకోవద్దు, కొళాయి ద్వారానే పట్టుకోవాలి. బిందెతో ముంచితే చేతి మురికంతా 4,000 లీటర్లలో కలుస్తుంది. కర్నూలు పాతబస్తీ, కడప బుగ్గవంక పరిసరాల్లాంటి పల్లపు చోట్ల నేలలో సంపు కాకుండా అరుగు మీద ట్యాంకు కట్టుకోవాలి. సంపులోకి వరద నీరు వస్తే మొత్తం తోడి పారబోసి, కడిగి, బ్లీచింగ్ చేశాకే మళ్లీ నింపాలి.

బ్లీచింగ్ మోతాదు వెయ్యి లీటర్ల తేట నీటికి సుమారు 2.5 గ్రాములు. నాలుగు వేల లీటర్ల ట్యాంకుకు 10 గ్రాములు. నేరుగా చల్లకుండా బకెట్ నీటిలో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైన తేరిన నీటిని మాత్రమే ట్యాంకులో పోయాలి. గంట ఆగాకే వాడాలి. డబ్బా మూత తీసి ఏడాదిగా మూలన పడేసిన పౌడరులో క్లోరిన్ మిగలదు, దానితో ఉపయోగం లేదు.

దోమను మరవొద్దు

వాన నీరు దాచటంలో అసలైన ప్రమాదం ఇదే. డెంగీని మోసే ఏడిస్ దోమకు మురుగు కాలువ అక్కర్లేదు. తేట నీరే దానికి ఇష్టం. పగలు కుడుతుంది. నీటి అంచుకు కాస్త పైన, తొట్టి గోడకు గుడ్లను అంటిస్తుంది. నీరు ఎండిపోయినా అవి నెలల తరబడి బతికే ఉంటాయి. మళ్లీ నీరు తగలగానే పొదుగుతాయి. వారం పది రోజుల్లో దోమ తయారు. నీళ్లు పారబోసినంత మాత్రాన సరిపోదనేది ఇందుకే. తొట్టి గోడల్ని బ్రష్షుతో గట్టిగా రుద్దాలి.

బ్రిస్బేన్ నగరంలో ఒకప్పుడు ఇంటింటా వాన నీటి ట్యాంకులుండేవి, వాటిలోనే ఏడిస్ పెరిగేది. ట్యాంకుల మీద తనిఖీలు పెట్టి, చాలావాటిని తీసేశాక గత శతాబ్దం మధ్య నాటికి ఆ దోమ అక్కడ కనుమరుగైంది. కరవు వచ్చి ఈ శతాబ్దంలో మళ్లీ ట్యాంకులు కట్టుకోవటం మొదలెట్టాక, ఆ దోమ తిరిగొస్తుందా అని అక్కడి శాస్త్రవేత్తలు బెంగపెట్టుకున్నారు. మనకు ఆ దోమ ఎక్కడికీ పోలేదు. కాబట్టి సందులేని మూత, గొట్టాలకు సన్నటి వల తప్పనిసరి. ఇవి లేకుండా ట్యాంకు కట్టే ఉద్దేశముంటే అసలు కట్టకపోవటమే మంచిది. ఇంట్లోని డ్రమ్ములు, కూలర్లు, పూలకుండీల పళ్లాలు వారానికోసారి ఖాళీ చేసి ఆరబెట్టాలి.

మిగిలిన నీరు నేలకు

ట్యాంకు నిండాక పొర్లే నీటిని ఇంకుడు గుంతకో, బోరు పక్క గుంతకో మళ్లించవచ్చు. కానీ గుంత తవ్వే ముందు నేలను చూడాలి. కర్నూలు చుట్టుపక్కల నల్లరేగడి ఎక్కువ. తడిస్తే అది బిగుసుకుని నీటిని దిగనివ్వదు. చిన్న గుంత తీసి నీళ్లు పోసి చూడండి. రెండు రోజులైనా ఇంకకపోతే అక్కడ ఇంకుడు గుంత పనికిరాదు, అది దోమల గుంత అవుతుంది. రెగడి పొర దాటి కిందికి వెళ్లాలి. సున్నపురాయి నేలలో దీనికి పూర్తిగా భిన్నమైన చిక్కు ఉంటుంది. రాతి చీలికల్లోంచి నీరు గబగబా దిగిపోతుంది, వడపోత జరగదు. అక్కడ మిద్దె నీరు తప్ప వీధి నీరు, వాకిలి కడిగిన నీరు గుంతలోకి పోనివ్వకూడదు. సెప్టిక్ ట్యాంకుకు కనీసం 15 మీటర్ల దూరం ఉండాలి. లేకపోతే మనం తవ్విన గుంతే మలంలోని క్రిములకు, నైట్రేట్‌కు బోరు దాకా దారి చూపుతుంది. నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటిన నీటితో పాలపొడి కలిపితే పసిపిల్లల రక్తం ఆక్సిజన్‌ను మోయలేక ఒళ్లు నీలంగా మారుతుంది.

అపార్ట్‌మెంట్లలో మిద్దె ఒకటి, ఇళ్లు ముప్పై. అక్కడ తాగే నీటికి వాటాలు కుదరవు. మొత్తం సంపులో కలిపి వాడుకున్నా బోరు నీటి కాఠిన్యం తగ్గుతుంది, ట్యాంకర్లు తగ్గుతాయి. అంతవరకూ లాభమే.

ఈ ఏడాది జూన్, జులై వానలు దాటిపోయాయని నిరాశ పడక్కర్లేదు. కర్నూలులో మూడింట రెండు వంతుల వాన నైరుతి రుతుపవనాలతోనే పడినా, ఆగస్టు, సెప్టెంబరుల్లోనూ బాగానే కురుస్తుంది. కడపకు ఏడాది వానలో మూడో వంతు అక్టోబరు తర్వాత వచ్చే ఈశాన్య రుతుపవనాలదే. నవంబరు వానలతో నింపిన ట్యాంకు మే నెల దాకా వస్తుంది. నింపిన వారానికి ఒకసారి, మళ్లీ ఫిబ్రవరిలో ఒకసారి హెచ్‌టుఎస్ సీసాతో నీటిని పరీక్షించుకోవాలి. సీసాలో గీత దాకా నీరు పోసి గది వేడిలో ఉంచితే, మల సంబంధ క్రిములున్న పక్షంలో ఒకటి రెండు రోజుల్లో నల్లబడుతుంది. నల్లబడితే మళ్లీ బ్లీచింగ్ చేసి, పావురాలు ఎక్కడ వాలుతున్నాయో, పొర్లు గొట్టం మూతికి కట్టిన వల ఎక్కడ చిరిగిందో మిద్దె ఎక్కి చూడండి.